కాచిన పాలు

ఏప్రిల్ 5, శనివారం

ఈ నోటుపుస్తకం నిరుడు లెసన్‌ప్లాన్లు రాయడానికి కొన్నది. సగం ఖాళీగా మిగిలిపోయింది. లెక్కల టీచరుకి డైరీ ఏమిటని ఎవరైనా నవ్వితే నవ్వుకోనీ. ఇరవై ఏళ్లుగా నాకు ఏ చిరాకు పుట్టినా చెప్పుకోడానికి ఒక్క మనిషే ఉంది. ఇప్పుడు చిరాకు ఆ మనిషి మీదే. మా ఆయన జాన్‌తో చెప్పుకుందామంటే "పోన్లే ప్రసన్నా" అంటారు. రేపు ఇల్లు కూలినా ఆయనకి పోన్లే. అందుకని ఈ పుస్తకం.

ఇవాళ మేక దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను.

మేక మాదే. నాదీ, జ్యోతిర్మయిదీ, చెరి సగం. నాకు కడుపులో పుండు పడి గేదెపాలు అరగక, ఆమెకి ఉబ్బసం తగ్గక, ఎవరో మేకపాలు మంచివంటే రెండేళ్ల కిందట ఇద్దరం కలిసి కొన్నాం. జ్యోతి మా స్కూల్లోనే తెలుగు చెబుతుంది. వాళ్ళింట్లో మేకని కట్టడానికి వీల్లేదు. మా పెరట్లో చోటు లేదు. కాలవ గట్టు అవతల కొబ్బరితోటలో అచ్చాయమ్మకి పాక ఉంది, తన మేకలతోపాటు దీన్నీ మేపుతుంది. అందుకు ఈతకొక పిల్లని తనకి ఇచ్చెయ్యాలి. "మేపుతానండి, పితకడం మాత్రం నా వల్ల కాదండి, వేళ్ళు వంగవు" అని మొదట్లోనే చెప్పేసింది. దాంతో ఇద్దరు పంతులమ్మలం గొంతుక్కూర్చుని పితకడం నేర్చుకున్నాం. మేక పాలు చేపడానికి జ్యోతి పద్యం ఎత్తుకునేది. మేక తన్నేది. కాచుకునే తాగండని డాక్టరు చెప్పాడు కానీ ఎవరు విన్నారు! నురగ తగ్గకముందే గట్టుమీద కూర్చుని చెరో గ్లాసు గుమ్మపాలు తాగేసి, మిగిలినవి పంచుకుని ఇళ్ళకి వచ్చేవాళ్ళం. నేను దాన్ని ముత్యం అంటాను. ఆమె గౌరి అంటుంది. రెండు పేర్లకీ పలుకుతుంది, సిగ్గులేని మేక.

"ఇక మీద పొద్దుటి పాలు నావి, సాయంత్రం పాలు ఆవిడవి. ఆవిడతో చెప్పు" అన్నాను అచ్చాయమ్మతో.

"అదేంటండీ, ఇద్దరూ కలిసే వచ్చేవోరు కదండీ?"

"ఇప్పుడు రాము."

"ఆయ్" అంది. ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

ఎందుకు రామో ఇక్కడ రాయను. రాస్తే అది నిజమైపోతుంది.

ఏప్రిల్ 6, ఆదివారం

చర్చిలో పాస్టరుగారు క్షమించడం గురించి చెప్పారు. ఎవరో ఆయన చెవిలో ఊదినట్టే ఉంది. నేను పాటల పుస్తకంలో పేజీలు తిరగేస్తూ కూర్చున్నాను.

ఏప్రిల్ 8, మంగళవారం

సరే, రాస్తాను. రాయకపోయినా తిరగలిలా అదే తిరుగుతోంది బుర్రలో.

మొన్న గురువారం. జ్యోతికి జ్వరం, బడికి రాలేదు. సాయంత్రం నేనే వెళ్ళి పాలు తీశాను. మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు, ఫ్రిజ్‌లో పెట్టే దారి లేదు, ఎండేమో మంట. వాళ్ళింటికి చేరేలోపు విరిగిపోతాయేమోనని ఇంట్లో ఒక పొంగు రానిచ్చి, స్టీలు క్యానులో పోసి పట్టుకెళ్ళాను.

ఆ ఇంటికి నేను పాలు పట్టుకెళ్ళడం కొత్తకాదు. ఎన్నోసార్లు పచ్చిపాలు ఇచ్చాను. జ్యోతి అత్తగారు కామాక్షమ్మగారే అరుగు మీదకి వచ్చి అందుకునేవారు. "పచ్చిపాలకి అంటు లేదమ్మా, ఎవరి చేతివైనా ఒకటే" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వినందుకు ఇప్పుడు నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తోంది.

ఆ రోజూ అందుకున్నారు. క్యాను వెచ్చగా తగిలింది కాబోలు, "పచ్చివేనా అమ్మా?" అన్నారు.

"కాచానండీ. కరెంటు లేదు కదా, విరిగిపోతాయని."

"అయ్యో. కాచినవి మా ఇంట్లో పుచ్చుకోం తల్లీ, ఏమీ అనుకోకు."

ఎంత మర్యాదగా అన్నారో! తిట్టినా బాగుండేది, తిరిగి రెండు అనేదాన్ని. ఆవిడ మెట్లు దిగి, నూతి పక్కన కొబ్బరిచెట్టు మొదట్లో పాలన్నీ ఒంపేసి, క్యాను నీళ్ళతో తొలిచి, తుడిచి మరీ నా చేతికిచ్చారు. తలుపు తీసే ఉంది. లోపల మంచం మీద జ్యోతి పడుకుని ఉంది. చూసింది. చెట్టుని చూసింది, నన్ను చూసింది, కళ్ళు మూసుకుంది.

స్టాఫ్‌రూమ్‌లో నా గుత్తివంకాయ కూర వేళ్ళు నాక్కుని తినే మనిషి!

జ్వరం నూట మూడట. జ్వరంలో కళ్ళు మూతలు పడతాయి. మనిషికి ఏమీ తెలియదు. అది నాకు తెలుసు.

ఏప్రిల్ 11, శుక్రవారం

బడికి వచ్చింది. ఇంకా దగ్గుతోంది. ఒంటిపూట బళ్ళు కదా, పదింటికి అందరం టిఫిన్ డబ్బాలు విప్పుతాం. ఎప్పుడూ కిటికీ దగ్గర బల్లమీద మా ఇద్దరివీ పక్కపక్కనే ఉంటాయి. ఇవాళ నేను వెళ్ళి సైన్సు టీచరు వీరవేణి పక్కన కూర్చున్నాను. వీరవేణి నా మొహం చూసింది, జ్యోతి మొహం చూసింది, నోరు మూసుకుని ఉప్మా తింది. దానికీ అంత లోకజ్ఞానం ఉందని ఇవాళే తెలిసింది.

జ్యోతి లేచి నా దగ్గరికి వచ్చింది. "ప్రసన్నా" అంది.

"చెప్పండి టీచరుగారూ" అన్నాను.

ఆ 'గారు' ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ముఖం ఇంతయిపోయింది. వెళ్ళి తన డబ్బా మూత పెట్టేసుకుంది. నాకు చాలా బాగనిపించింది. లాంగ్ బెల్ కొట్టే దాకా బాగానే ఉంది.

ఏప్రిల్ 15, మంగళవారం

దాళ్వా వరి కోతలు మొదలయ్యాయి. ఊరంతా నూర్పిళ్ళ దుమ్ము. ఈ దుమ్ము జ్యోతికి సరిపడదు, ఏటా ఈ రోజుల్లో ఆమె సంచిలో ఇన్‌హేలరు ఉందో లేదో చూసేది నేనే.

"నిన్న సాయంత్రం జ్యోతి టీచరుగారు ఆయాసపడతా వచ్చేరండి. గట్టు మీద రెండుసార్లు కూకుండిపోయేరు" అని అచ్చాయమ్మ అంది. నేను అడగలేదు, తనే చెప్పింది.

ఇవాళ సగమే పితికాను. మేకపిల్ల కోసం వదిలాను. పాపం, చిన్నది.

ఏప్రిల్ 16, బుధవారం

సగమే. పిల్ల మరీ నీరసంగా ఉంది.

ఏప్రిల్ 20, ఈస్టరు

ఏటా ఈ రోజు తెల్లవారి ఆరాధన నుంచి మేం వచ్చేసరికి జ్యోతి మా వరండాలో కూర్చుని ఉంటుంది. మా ఆయన కొబ్బరిబొండం కొట్టి ఇస్తారు. తాగి, కబుర్లు చెప్పి, ఎండ ముదరకముందే వెళ్ళిపోతుంది. ఇవాళ కూడా ఆయన అలవాటుగా ఒక బొండం చెక్కి వరండా గోడమీద పెట్టారు. పదయింది, పన్నెండయింది. సాయంత్రం "పోన్లే, నేను తాగేస్తాను" అని చెయ్యి చాచారు. నేను ఇంతెత్తున లేచాను. ఆయన హడలిపోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

తర్వాత కూర్చుని వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. ఈస్టర్లు, క్రిస్మసులు, మా ఆయనకి ఆపరేషన్ అయినప్పుడు, గృహప్రవేశం. మా ఇంట్లో జ్యోతి కాఫీ తాగిందా? లేదు. ఒక ముద్ద తిందా? లేదు. ప్రతిసారీ బొండమే. చెట్టునుంచి దిగింది, ఎవరి పొయ్యీ ఎక్కనిది. లెక్కలు చెప్పే దాన్ని, ఇంత చిన్న లెక్క ఇరవై ఏళ్లు పట్టుకోలేకపోయాను. ఆమెకి బొండాలంటే ఇష్టం అనుకున్నాను.

ఏప్రిల్ 23, బుధవారం

ఆఖరి పనిదినం. రేపటి నుంచి వేసవి సెలవులు. గేటు దగ్గర ఆమె చాలాసేపు నిలబడింది, ఆటో కోసం అన్నట్టు. ఖాళీ ఆటోలు రెండు వెళ్ళాయి, ఎక్కలేదు. నేను రిజిస్టర్లు సర్దుతూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. సర్దినవే మళ్ళీ సర్దాను. మూడో ఆటో ఎక్కేసింది.

ఏప్రిల్ 27, ఆదివారం

బడి తెరవడానికి ఇంకా ఆరున్నర వారాలు. ఇప్పుడు స్టాఫ్‌రూమ్ కూడా లేదు. కోపంగా ఉన్నా మనిషి ఎదురుగా ఉండాలి. ఎదురుగా లేని మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఎవరికైనా తెలుసా? నాకు జ్యోతి కావాలి. రాసేశాను, ఏం చేస్తారు?

మే 2, శుక్రవారం

ఇవాళ పొదుగు మీద చెయ్యి వేస్తే అనుమానం వచ్చింది. సాయంత్రం ఆమె తీసుకెళ్ళాక ఒక్క రాత్రిలో ఇంత నిండుగా ఉండకూడదు. అచ్చాయమ్మని నిలదీశాను.

"వత్తన్నారండి రోజూ. చిన్న గ్లాసుడు తీసుకుని, మిగతాది వదిలేత్తన్నారండి."

"ఎందుకు?"

అచ్చాయమ్మ అవిసె కొమ్మలు కట్ట విప్పుతూ కూర్చుంది. "నాకేం తెలుసండీ" అంది.

దానికి తెలియకపోతే పోయింది, నాకు తెలిసింది. పొద్దున్నే నా వేళ్ళు తగిలిన పొదుగు. పాలు పచ్చివే కానీ చేతులు నావి కదా. ఇన్నాళ్ళూ అత్తగారి మాట, ఇప్పుడు ఈమెక్కూడా పట్టిందన్నమాట. సరే. రేపు చుక్క లేకుండా పిండేస్తాను. ఆమె వచ్చి ఖాళీ పొదుగు తడుముకోనీ.

మే 3, శనివారం

పిండలేదు. సగానికి వచ్చేసరికి వేళ్ళు ఆగిపోయాయి. కోతమిషను దుమ్ము ఇంకా గాల్లోనే ఉంది. నా బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఇంకొకటి. "రా గౌరీ" అని పిలిచాను దాన్ని. నోరు జారింది, అంతే.

మే 9, శుక్రవారం

పాలు తగ్గిపోతున్నాయి. వారం కిందట నా సగం క్యానుకి సగం ఉండేది. ఇవాళ రెండు చిన్న గ్లాసులు.

ఇవాళ అచ్చాయమ్మని అనకూడని మాట అన్నాను. "మధ్యలో ఎవరికి పోస్తున్నావు పాలు?" అన్నాను.

ఆమె చేతిలో కొమ్మ కింద పెట్టేసింది. "అమ్మోరి తోడండి టీచరుగారూ. నేను పితకలేననే కదండీ మీ ఇద్దరూ నేర్చుకున్నది?"

"మరి పిల్ల తాగేస్తోందా?"

"పిల్లెక్కడిదండీ? దానికి మార్చిలోనే పాలు మానిపించేను. తోట చివర కట్టేత్తన్నాను, శుభ్రంగా ఆకులు తింటంది. మీరు చూసేరు కదండీ!"

చూశాను. మార్చిలోనే చూశాను. ఏప్రిల్లో ఈ పుస్తకంలో పిల్ల కోసం అని రాసుకున్నప్పుడూ నాకు తెలుసు.

"మీ ఇద్దరి మధ్యా పడి నేను నలిగిపోతన్నానండి" అంది అచ్చాయమ్మ. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తప్పయిపోయిందని చెప్పాను. ఒకళ్ళ మీద కోపం ఇంకొకళ్ళ మీద చూపించడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

మే 17, శనివారం

మేకలకి నట్టల మందు తాగించడానికి పశువుల ఆసుపత్రి ఆనందరావు తోటకి వచ్చాడని తెలిసి పరిగెత్తాను. పాల సంగతి చెప్పాను. అతను పొదుగు నొక్కి చూశాడు, వేడి చూశాడు, వాపు చూశాడు.

"రోగం లేదండీ దీనికి. ఎవరు తీస్తారు పాలు?"

"పొద్దున్న నేను. సాయంత్రం ఇంకొకావిడ."

"పూర్తిగా తీసేస్తన్నారా, వదిలేస్తన్నారా?"

"నేను సగం వదిలేస్తాను."

"ఆవిడో?"

"ఆవిడా సగవేనండి" అంది అచ్చాయమ్మ.

ఆనందరావు నవ్వాడు. "అదండీ రోగం. పొదుగులో పాలు మిగిలిపోతా ఉంటే మేక ఒళ్ళు తయారు చెయ్యడం తగ్గించేస్తది. అక్కర్లేదు కాబోలు అనుకుంటది. ఇద్దరూ ఒకళ్ళ కోసం ఒకళ్ళు వదులుకుని, ఇద్దరూ కలిసి దీన్ని ఎండగట్టేసేరండి. చదువుకున్నోళ్ళే ఇలాగైతే ఎలాగండీ?"

"ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఏమీ కాదు" అన్నాను. "ఆవిడ వదలడానికి కారణం వేరు."

అప్పుడు అచ్చాయమ్మ లేచింది. "ఇంక నా వల్ల కాదండి, చెప్పేత్తాను. ఎందుకండీ వదిలేత్తన్నారని నేను అడిగేను ఆవిణ్ణి. 'ప్రసన్నకి పొద్దున్నే ఖాళీ కడుపులో ఈ పాలు పడాలి అచ్చాయమ్మా, లేకపోతే సాయంత్రం దాకా మంట పెడుతుంది, ఎవరికీ చెప్పుకోదు' అన్నారండి. మీతో అనొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు ఇప్పుడు నా నెత్తిమీదే ఉంది."

నేను గట్టుమీద కూర్చుండిపోయాను. ఆనందరావు సంచి సర్దుకుని ఎప్పుడు వెళ్ళిపోయాడో తెలియదు.

రెండు వారాలు. రెండు వారాలు ఆమె ఆ పాలని అసహ్యించుకుని వదిలేస్తోందనుకున్నాను. ఆ పాలు నాకోసమే ఉంచిందట. ఛీ, ఎంత పాపిష్టి బుర్ర నాది!

రేపు వాళ్ళింటికి వెళ్తాను.

మే 18, ఆదివారం

వెళ్ళలేదు.

మే 19, సోమవారం

వాళ్ళ వీధి మొదట్లో కిరాణా కొట్టు దాకా వెళ్ళి, అక్కర్లేని సబ్బు కొనుక్కుని వచ్చేశాను. జ్యోతి మొహం చూడగలను. ఆ అరుగు, ఆ మెట్లు, ఆ కొబ్బరిచెట్టు మొదలు చూడలేను. పాలు వదిలినంత మాత్రాన ఆ రోజు కళ్ళు మూసుకోవడం లేకుండా పోతుందా? జ్వరమేనేమో. జ్వరమే అయితే ఒక్కసారి నోటితో చెప్పొచ్చు కదా, నేను నమ్మేస్తాను.

మే 24, శనివారం

వీరవేణి ఫోన్ చేసింది. జ్యోతి బదిలీకి పెట్టుకుందట. మురమళ్ళ దగ్గర ఏదో స్కూలు కోరుకుందట. వాళ్ళాయన కౌండిన్యగారు మురమళ్ళ గుడిలోనే అర్చకులు కదా, వారానికి నాలుగు రోజులు అక్కడే ఉంటారు. ఎప్పటినుంచో అనుకుంటున్నదే.

"మీకు చెప్పలేదా ప్రసన్నా టీచర్?" అంది వీరవేణి.

"చెప్పింది, చెప్పింది" అన్నాను.

జూన్ 6, శుక్రవారం

ఆర్డర్లు వచ్చేశాయి. పదకొండున సామాను వ్యాను వస్తుందని అచ్చాయమ్మ చెప్పింది.

పాలు టీ గ్లాసుడు. పూర్తిగా పిండినా అంతే వస్తుందేమో. పిండలేదు.

జూన్ 9, సోమవారం

సాయంత్రం వంతు ఆమెది. తెలిసే వెళ్ళాను.

పీట మీద కూర్చుని ఉంది. చెయ్యి గౌరి వీపు మీద, పక్కన చిన్న గ్లాసు. నన్ను చూసి లేవబోయింది. "కూర్చో" అన్నాను. రెండు నెలల్లో ఆమెతో నేనన్న మంచి మాట అదే. నేనూ మేకకి ఇటుపక్క కూర్చున్నాను. బాగా చిక్కిపోయింది. ఊపిరి చప్పుడు నాకు వినిపిస్తోంది.

"ఇద్దరం కలిసి దీన్ని ఎండగట్టేసేం" అంది.

"నువ్వెందుకు వదిలేవు?"

"నువ్వెందుకు వదిలేవు?"

"నేను పిల్ల కోసం వదిలాను" అన్నాను.

నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. నాకు తెలియకుండానే లేచి వెళ్ళి వీపు రాశాను, ఎప్పుడూ చేసేదే. దగ్గు తగ్గాక తల ఎత్తకుండా అంది.

"ఆ రోజు నేను కళ్ళు మూసుకున్నది జ్వరానికి కాదు ప్రసన్నా."

నాకు తెలుసు.

"లేచి ఒక్క మాట అనాల్సింది. 'అత్తయ్యా, అవి నేను తాగుతాను' అంటే సరిపోయేది. ఆవిడేం చంపేసే మనిషి కాదు. కానీ నాకు ఇంట్లో ఇల్లు నిమ్మళంగా ఉండాలి, బడిలో నువ్వు ఉండాలి. రెండూ కలవకుండా ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చేను. నువ్వు ఆ రోజు రెంటినీ క్యానులో పోసి పట్టుకొచ్చేసేవు."

"నేను పాలు విరిగిపోతాయని కాచాను. అంతే."

"తెలుసే."

"మా ఇంట్లో ఎప్పుడూ బొండమే తాగేదానివి. నీకు ఇష్టమనుకున్నాను."

ఇప్పుడు నా మొహంలోకి చూసింది. "బొండాలు నాకు పడవు ప్రసన్నా. నెమ్ము చేస్తుంది. మీ ఇంటినుంచి వచ్చిన ప్రతిసారీ రెండు రోజులు పిల్లికూతలే."

ఏం మనిషి ఇది! కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ ఒకేసారి. "మరెందుకు తాగేవే దిక్కుమాలినదానా?" అని అరిచాను. అచ్చాయమ్మ పాకలోంచి తొంగిచూసి మళ్ళీ లోపలికి పోయింది.

"ఏదో ఒకటి తాగకపోతే మీ ఇంట్లో ఎలా కూర్చుంటాను?" అంది.

ఇద్దరం ఏడ్చాం. రాయడానికి సిగ్గెందుకు, శుభ్రంగా ఏడ్చాం. మేక ఇద్దరి చీరకొంగులూ నమిలింది.

వెళ్ళేటప్పుడు గ్లాసు తీసుకోలేదు. "ఎల్లుండి తొమ్మిదింటికి బయల్దేరతాం. పొద్దుటి పాలు నీవి కదా, కాచి పట్టుకురా" అంది.

"మళ్ళీ చెట్టు మొదట్లో పోయించడానికా?"

"పట్టుకురావే" అంది. గట్టు దాటుతూ ఇంకోసారి అంది.

జూన్ 10, మంగళవారం

తీసుకెళ్ళను. అక్కడ మళ్ళీ కళ్ళు మూసుకుంటే నేను బతకలేను.

జూన్ 11, బుధవారం

పొద్దున్న గౌరి ఇచ్చింది టీ గ్లాసుడు పాలు. ఇంటికి తెచ్చి చిన్న గిన్నెలో పొయ్యి మీద పెట్టి చూస్తూ నిలబడ్డాను. మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చారు. "తీసుకెళ్ళనా?" అని అడిగాను. పోన్లే అంటారనుకున్నాను. "వెళ్ళు ప్రసన్నా" అన్నారు.

అదే క్యాను. దాని నిండా ఖాళీ, అడుగున ఇన్ని పాలు.

వాళ్ళింటి ముందు వ్యాను, బీరువా ఎక్కించేశారు. కౌండిన్యగారు తాళ్ళు బిగిస్తూ "రండి టీచరుగారూ" అన్నారు. కామాక్షమ్మగారు అరుగు మీద చేతిసంచి పక్కన పెట్టుకుని కూర్చున్నారు. నా చేతిలో క్యాను చూశారు. నా కాళ్ళు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాయి.

"పచ్చివేనా అమ్మా?" అన్నారు. అదే గొంతు, అదే మర్యాద.

లోపలినుంచి జ్యోతి వచ్చింది. చేతులకి సామాను దుమ్ము, ముక్కుకి అడ్డంగా చీరకొంగు. తిన్నగా నా దగ్గరికి వచ్చి క్యాను తీసుకుంది.

"కాచినవే అత్తయ్యా. నేనే కాచి తెమ్మన్నాను" అంది.

మూత తీసింది. ఎత్తి పోసుకోలేదు, క్యాను నోటికే ఆనించుకుంది. మెట్ల మీద నిలబడి, అత్తగారి ఎదురుగా, మొగుడి ఎదురుగా, వ్యాను మనుషుల ఎదురుగా తాగుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి.

కామాక్షమ్మగారు ఏమంటారోనని అటు తిరిగాను. ఆవిడ కొబ్బరిచెట్టు వైపు చూశారు. తర్వాత, "పొగలు కక్కుతున్నాయి. నిమ్మళంగా తాగు, నాలిక కాలుతుంది" అన్నారు. సంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడకి కోపమో, మరేమిటో, నాకు తెలియలేదు.

జ్యోతి మూతి తుడుచుకుని క్యాను నా చేతికిచ్చింది. ఖాళీది అనుకుని అందుకున్నాను. బరువు తగిలింది. లోపలికి చూస్తే, ఆ కాసిని పాలల్లోనూ సగం వదిలేసింది.

"నీకు ఖాళీ కడుపు కదా" అంది.

అక్కడే ఆ మెట్ల మీద కూర్చుని, ఆమె నోరు పెట్టిన చోటే నోరు పెట్టి తాగేశాను.

వ్యాను కదిలేటప్పుడు కిటికీలోంచి వంగి, "నా సగం నాకే ఉంచు, అమ్మెయ్యకు" అని అరిచింది. "మళ్ళీ ఈనితే కబురు చెయ్యి!"

ఆయ్ అన్నాను. వినిపించిందో లేదో.

జూన్ 12, గురువారం

బడి తెరిచారు. కిటికీ దగ్గర బల్లమీద నా డబ్బా ఒక్కటే పెట్టాను.

గౌరి పాలు ఇవాళ ఉగ్గుగిన్నెడు. పూర్తిగా పిండెయ్యమని ఆనందరావు చెప్పాడు. సాయంత్రం తీసుకోడానికి ఎవరూ రారని తెలుసు. సగం వదిలేసి వచ్చాను.